గాలికి మార్కులు

సుడిగాలి మా ఊళ్ళో ఉన్నది కొద్ది నిమిషాలే. దాని పుణ్యమా అని మా ఇంట్లో దిగిన మా బావమరిది మాత్రం ఇప్పటికీ కదల్లేదు.

అతను నా భార్యకు తమ్ముడు. ఆమె పోయాక కూడా ఆదివారం మధ్యాహ్నం భోజనానికి రావడం మానలేదు. వచ్చి, నేను వండింది తిని, "అక్క చేతి వంట ఇలా ఉండేది కాదు బావా" అని చెప్పి వెళ్ళేవాడు. నాకది బాధగా ఉండేది కాదు. ఇంట్లో ఆమె మాట ఎత్తే మనిషి వారానికొకసారైనా వస్తున్నాడు కదా అనుకునేవాణ్ణి.

అతని పని భవనాలు కట్టడం. పునాది పోసి, చెక్క చట్రాలు లేపి, పలకలు కొట్టి, పైకప్పు వేసి తాళంచెవి చేతిలో పెట్టే మేస్త్రీ. ఏ గోడ కట్టినా చివర్న దాని మీద అరచేత్తో ఒక్కటి చరిచి, "ఏనుగొచ్చి ఒళ్ళు రుద్దుకున్నా కదలదు" అంటాడు. అందుకని ఊళ్ళో అతని పేరు ఏనుగు మేస్త్రీ. మనిషి మాత్రం చీపురుపుల్ల.

ఆ ఆదివారం మేము కంచాల ముందు కూర్చునేసరికి ఆకాశం పాచిపట్టిన నీళ్ళ రంగులోకి తిరిగింది. ఆకు కదలడం లేదు. అంతలో ఊరి సైరన్ మోగింది. బావమరిది కూర గిన్నె చేత్తో పట్టుకునే లేచాడు.

"బావా, కిటికీలన్నీ తెరువు!"

"ఎందుకయ్యా?"

"లోపలి గాలీ బయటి గాలీ సమానం కావాలి. లేకపోతే ఇల్లు బుడగలా పేలిపోతుంది."

"అది పాత నమ్మకం. కిటికీ తెరిస్తే గాలి లోపలికొచ్చి పైకప్పుని కిందనుంచి ఎత్తేస్తుందట. మూసి ఉండటమే మంచిది. పద, మెట్ల కింద గదిలోకి."

"ఇళ్ళు కట్టేది నేనా, నువ్వా? నువ్వు జన్మంతా కాలేజీలో చెప్పింది చరిత్ర!"

"ఆ చరిత్రలో మనం కలవకముందే పద."

మెట్ల కింద గది ఇంటికి సరిగ్గా నడిమధ్యన ఉంటుంది. కిటికీలు లేవు. నా భార్య దాచిన ఖాళీ సీసాలు మాత్రం ఉన్నాయి. ఆ సీసాల మధ్య ఇద్దరం ముడుచుకుని కూర్చుని నెత్తిమీద పరుపు కప్పుకున్నాం. గోడలకంటే, గాలికంటే, గాలిలో ఎగిరొచ్చే రేకుముక్కలూ గాజుపెంకులే మనుషుల్ని ఎక్కువగా గాయపరుస్తాయి. పరుపు అందుకే. కాసేపటికి చప్పుడు మొదలైంది. గూడ్సు రైలు ఇంటిమీదనుంచి వెళ్తున్నట్టుంది. చెవుల్లో ఏదో నొక్కినట్టయింది. సీసాలన్నీ ఒక్కసారి గణగణమన్నాయి.

"బావా," అన్నాడు బావమరిది చీకట్లో.

"ఏంటి?"

"కూరలో ఉప్పెక్కువైంది."

నేను అతని మోకాలి మీద చెయ్యి వేసి, "ఈసారి తగ్గిస్తాలే" అన్నాను.

బయటికి వచ్చి చూస్తే మా వైపు ఇళ్ళ ముందు పూలకుండీలు వరసలో నిలబడే ఉన్నాయి. ఎదురు వరసలో పైకప్పులు లేవు. టోర్నడో దారి అంత సన్నగా ఉంటుందని పుస్తకాల్లో చదివాను గానీ, వీధికి ఆ పక్క మంచం చెట్టెక్కి, ఈ పక్క తీగమీద చొక్కాలు అలాగే ఆరుతూ ఉంటే నమ్మబుద్ధి కాలేదు. బావమరిది ఇంటి కప్పు కూడా పోయింది. ప్రాణాలు మాత్రం ఒక్కటీ పోలేదు. వీధి చివర సెలూన్ నడిపే ఆయనకు రేకు గీరుకుని మోచేయి తెగింది, అంతే.

ఊళ్ళో పూర్తిగా నేలమట్టమైన భవనం ఒక్కటే ఉంది. అది ఊరి సంఘం హాలు. కట్టింది మా బావమరిది.

మామూలు రోజుల్లో అయితే అక్కడ ముసలివాళ్ళు పేకాడుతూ, పిల్లలు బొమ్మలు వేస్తూ ఉంటారు. ఆదివారం సెలవు. ఆ సెలవు కనిపెట్టిన మహానుభావుడెవరో గానీ మనసులోనే దండం పెట్టుకున్నాను.

బావమరిదికి అలాంటి ఊరట కలగలేదు. హాలు పక్కనే పసిపిల్లల బడి కొత్తగా కట్టాలని సంఘం అనుకుంటోంది. ఆ పని తనకే వస్తుందని అతను ఎప్పటినుంచో నమ్మకంగా ఉన్నాడు. ఇది తన చివరి పెద్ద పని అనీ, పిల్లలు తన గోడల మధ్య అక్షరాలు నేర్చుకుంటారనీ చెప్పుకుని మురిసిపోయేవాడు. ఇప్పుడు సంఘం పెద్ద నర్సమ్మ, "ముందు మేస్త్రీ సంగతి తేలనీ" అని ఆ విషయం పక్కన పెట్టేసింది. ఊళ్ళో సగంమందిని పురుడు పోసి భూమ్మీదికి తెచ్చిన మనిషి ఆవిడ. ఆవిడ మాటకు తిరుగులేదు.

ఊరు ఊరుకుంటుందా? మేము సెలూన్ ముందునుంచి వెళ్తుంటే ఆయన కట్టు కట్టిన చేత్తోనే కత్తెర ఆడిస్తూ అడిగాడు.

"ఏం మేస్త్రీ, వచ్చిన ఏనుగు ఎంత ఉంది?"

"అది మామూలు గాలి కాదయ్యా! రాక్షసి!"

"మరి ఆ రాక్షసి పక్కనున్న మా కోళ్ళగూడుని వదిలేసిందే?"

"కోళ్ళగూడంటే దానికి లెక్కలేదు. పెద్దవాటినే పడుతుంది."

"ఆడలేక మద్దెల ఓడని ఊరికే అనలేదు," అన్నాడు సెలూన్ ఆయన కుర్చీలో ఉన్న తలకాయతో. ఆ తలకాయ సబ్బు నురగలోంచి నవ్వింది.

వాతావరణ శాఖనుంచి గాలి బలం తేల్చడానికి మనిషి వస్తోందని తెలియగానే బావమరిదికి ప్రాణం లేచొచ్చింది. వచ్చింది ఒక అమ్మాయి. బురద బూట్లు, మెడలో కెమెరా, చేతిలో కొలతల టేపు. చదువుకున్నవాణ్ణని ఆమెకు ఊరు చూపించే పని నాకు అప్పగించారు. బావమరిదికి ఎవరూ ఏమీ అప్పగించలేదు గానీ వెంట వచ్చాడు.

"అమ్మా, నీ దగ్గర గాలి కొలిచే మిషనేదీ?" అని అడిగాడు.

"లేదండీ. సుడి మధ్యలో మిషను పెడితే మిషనే ఎగిరిపోతుంది. అది ఎక్కడ దిగుతుందో ముందుగా తెలియదు కూడా. అందుకని అది వెళ్ళిపోయాక, ఏమేం పడగొట్టిందో చూసి బలం లెక్కగడతాం. సున్నానుంచి ఐదుదాకా అంకె వేస్తాం."

"అంటే గాలికి మార్కులన్నమాట!"

"అనుకోండి. సున్నా అంటే కొమ్మలు విరగడం, పెంకులు లేవడం. ఐదంటే గట్టి ఇళ్ళు కూడా పునాది మీదనుంచి తుడిచిపెట్టుకుపోవడం."

బావమరిది చేత్తో హాలు పునాది వైపు చూపించాడు. "అదిగో, తుడిచిపెట్టుకుపోయింది. ఐదు వేసుకో."

"గట్టి ఇళ్ళు అన్నాను మేస్త్రీగారూ. నాసిగా కట్టింది పడితే గాలి గొప్పేం లేదు కదా. బాగా కట్టింది పడితేనే గాలి పెద్దదని తెలుస్తుంది."

బావమరిది కాసేపు నడిచి ఆగిపోయాడు. "అంటే... నేను బాగా కట్టినట్టయితే గాలి పెద్దది."

"అవును."

"గాలి పెద్దదైతే నేను బాగా కట్టినట్టు."

"అది మాత్రం చెప్పలేం."

"ఇదేం లెక్క తల్లీ! నాకు సాక్షి గాలి, గాలికి సాక్షి నేను. ఇద్దరం ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని నిలబడ్డట్టుంది!"

ఆమె నవ్వింది. తరవాత మమ్మల్ని తోటలోకి తీసుకెళ్ళి చెట్లు చూపించింది. మామూలు ఈదురుగాలైతే చెట్లన్నీ తల దువ్వినట్టు ఒకే వైపు పడతాయట. ఇక్కడ ఒకదానిమీద ఒకటి అడ్డదిడ్డంగా పడి ఉన్నాయి. తిరిగే గాలి సంతకం అదే అంది. బావమరిది ప్రతి చెట్టు దగ్గరా, "చూశావా, ఎంత బలంగా పడిందో!" అంటూ ఆ చెట్టు తరపున మాట్లాడాడు.

మధ్యాహ్నం ఆమె తిండి తినడానికి వెళ్ళింది. నేను కాస్త నడుం వాల్చబోతుంటే బావమరిది వచ్చి, "ఒక చెయ్యి వెయ్యి బావా, ఎదురింటి తొట్టి దారికి అడ్డంగా ఉంది" అన్నాడు. స్నానాలు చేసే ఇనప తొట్టి అది. గోడ కూలి బయటపడింది. సాయం అడిగితే కాదనడం నాకు చేతకాదు. ఎత్తాను. దారి పక్కన దించుదామంటే, "ఇంకొంచెం, ఇంకొంచెం" అని పొలం మధ్యదాకా మోయించాడు. అప్పుడు గానీ నాకు వెలగలేదు.

"ఒరేయ్, ఇది తప్పురా."

"గాలి ఎలాగూ తెచ్చేదే బావా. మర్చిపోయింది."

సాయంత్రం ఆ అమ్మాయిని సరిగ్గా అటే నడిపించి, "అబ్బ! ఇంత బరువు తొట్టి ఇంత దూరం ఎగిరొచ్చిందంటే, మూడుకు తక్కువుండదు కదమ్మా?" అన్నాడు. నేను తేలు కుట్టిన దొంగలా మేఘాలకేసి చూస్తున్నాను.

ఆమె నవ్వలేదు. టోర్నడోలు చిత్రాలు చేస్తాయి, ఏదీ చూడకుండా కొట్టిపారేయకూడదు అంటూ మోకాళ్ళ మీద కూర్చుని, తొట్టి అంచు కింద వేలు పెట్టి చూసింది. గాలి వచ్చిన రోజునుంచీ తొట్టి అక్కడే ఉంటే పాలిపోవలసిన గడ్డి ఇంకా పచ్చగానే ఉంది. తరవాత తొట్టిలోకి తొంగి చూసింది. దాని అంచుకున్న గూట్లో అరిగిన సబ్బుబిళ్ళ ఒకటి బుద్ధిగా కూర్చుని ఉంది.

"మేస్త్రీగారూ, సబ్బు కూడా జారకుండా ఎగిరొచ్చిందా?"

"అదీ... మంచి కంపెనీ సబ్బులా ఉంది తల్లీ."

ఆమె లేచి చేతులు దులుపుకుంది. "మాస్టారూ, మీ నడుమెలా ఉంది?" అని మాత్రం అడిగింది. నాకు నడుం పట్టేసిన సంగతి ఆమెకు కనిపించింది, ఇంకేమీ కనిపించనట్టే ఊరుకుంది. చిన్న వయసులో అంత దయ ఉండటం అరుదు.

మర్నాడు ఉదయం హాలు పునాది దగ్గరికి వెళ్ళాం. పునాది సిమెంటులో పాతిన బోల్టులు చుట్టూ పైకి నిలబడి ఉంటాయి. గోడ అడుగుదూలాన్ని వాటిమీద దించి, పైన నట్టు బిగిస్తారు. గోడని నేలకు కట్టి ఉంచేది అదే. ముందువైపు బోల్టులకు నట్లు అలాగే ఉన్నాయి, కింద చీలిన దూలం ముక్కలు ఇరుక్కుని ఉన్నాయి. ఆమె వాటిని ఫొటో తీసి, "ఇక్కడ బాగా కట్టారు" అంది. బావమరిది ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

వెనకవైపు ఏమీ తెలియడం లేదు. ఊరివాళ్ళు తొందరపడి ట్రాక్టరుతో చెత్తంతా లాగేశారు. ఆ లాగుడుకి బోల్టులు వంగి, విరిగి, మట్టిలో కూరుకుపోయాయి.

"గాలి వచ్చింది ఈ వైపునుంచే," అంది ఆమె. "ఇటు కూడా నట్లు బిగించి ఉంటే రెండు వెయ్యాలి. లేకపోతే ఒకటే. మీరు బిగించారా?"

బావమరిది నా వైపు చూడలేదు.

"బిగించాను," అన్నాడు.

ఆమె రాసుకుంది.

సెలూన్ ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. పునాది గట్టునే నిలబడి విన్నాడు గనక, మేము ఇల్లు చేరేలోపే ఊరంతా తెలిసిపోయింది. మన టోర్నడోకి రెండొచ్చింది! పక్క ఊరి దానికి ఎప్పుడో ఒకటే వచ్చిందట. పరీక్ష పాసైంది తమ పిల్లలే అన్నట్టు జనం ఒకరి వీపు ఒకరు తట్టుకున్నారు. కప్పుపోయిన ఎదురింటావిడ కూడా, "రెండంటే మాటలా!" అంటూ గర్వంగా ఆకాశం చూపించింది. సెలూన్ ఆయనైతే వచ్చి బావమరిది చెయ్యి పట్టుకున్నాడు.

"క్షమించు మేస్త్రీ. ఏనుగు నిజంగానే వచ్చింది."

బావమరిది, "సర్లే, సర్లే" అన్నాడు. మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని అన్నం కలిపాడు, తినలేదు. వంట బాగాలేదని కూడా అనలేదు. అప్పుడు నాకు భయం వేసింది.

వెళ్ళేముందు ఆ అమ్మాయి మా అరుగు మీద కూర్చుని టీ తాగుతూ కాగితాలు సర్దుకుంటోంది. బావమరిది స్తంభానికి ఆనుకుని అడిగాడు.

"ఈ అంకె ఎవరికమ్మా? గాలి వెళ్ళిపోయింది. దానికెలాగూ చూపించవు."

"కట్టేవాళ్ళకండీ. ఎంత గాలికి ఎలాంటి గోడ నిలబడింది, ఎలాంటిది పోయింది అని అన్ని ఊళ్ళవీ కలిపి చూస్తారు. దాన్నిబట్టే బళ్ళూ ఆసుపత్రులూ ఎలా కట్టాలో చెప్తారు."

"మా హాలు గురించి ఏమని చూస్తారు?"

"నట్లన్నీ బిగించినా ఇంత గాలికి లేచిపోయిందని."

"అంటే..."

"అంటే, బిగించినా ఒకటే, బిగించకపోయినా ఒకటే అని ఎవరైనా అనుకోవచ్చు. అందుకే అంత గుచ్చిగుచ్చి అడిగాను. ఏమీ అనుకోకండి."

ఆమె ఆఖరి గుక్క తాగి కప్పు కింద పెట్టింది. బావమరిది ఆ కప్పు తీసుకున్నాడు. లోపలికి తీసుకెళ్తాడనుకున్నాను. అక్కడే నిలబడ్డాడు.

"కొట్టెయ్ తల్లీ," అన్నాడు.

"ఏంటండీ?"

"ఆ రెండు. కొట్టేసి ఒకటి వెయ్యి. వెనకవైపు నట్లు బిగించలేదు. గోడ నిలబెట్టే రోజు వాన మొదలైంది. నాలుగు మేకులు కొట్టి, నట్లు తరవాత చూద్దాంలే అనుకున్నా. పొద్దున్నే పలకలవాళ్ళు వచ్చి మూసేశారు. మళ్ళీ విప్పమంటే నవ్వుతారని ఊరుకున్నా. ఆ వైపు గోడని గాలి మూత తీసినట్టు తీసి ఉంటుంది. రేపు ఎవడో పిల్లల బడి కడుతూ, నా హాలు పేరు చెప్పి నట్లు మానేస్తే... వద్దు తల్లీ. కొట్టెయ్."

ఆమె పెన్ను తీసి కొట్టేసింది. వెళ్తూ వెళ్తూ, "థాంక్సండీ మేస్త్రీగారూ" అంది. తొట్టి మాట అప్పుడు కూడా ఎత్తలేదు.

ఊరికి రెండు పోయి ఒకటి వచ్చిందని తెలిసినప్పుడు జరిగిన రగడ చెప్పతరం కాదు. ఇల్లు పోయినందుకు ఏడవనివాళ్ళు మార్కు పోయినందుకు ఏడ్చారు. సాయంత్రం సంఘం పెద్దపిల్లల బడి వరండాలో కూడింది. నేను పక్కన కూర్చుంటానన్నా వినకుండా బావమరిది వెళ్ళి ముందు నిలబడ్డాడు. అరుగు మీద చెప్పిందే మళ్ళీ చెప్పాడు. చెవులు ఎర్రగా ఉన్నాయి.

"అందుకని బడి పని ఇంకెవరికైనా ఇవ్వండి," అని ముగించాడు. "ఎవరికిచ్చినా గోడ మూసేముందు వెనకవైపు చూడండి. అంతే."

"విన్నారుగా!" అని సెలూన్ ఆయన లేచాడు. "ఒక్క నట్టు కోసం ఊరి పరువు తీశాడు. పక్క ఊరి మేస్త్రీని పిలుద్దాం."

నర్సమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"పక్క ఊరాయన ఏం తప్పు చేస్తాడో నీకు తెలుసా?"

"ఆయన ఏ తప్పూ చెయ్యడు."

"అలాగని ఎవరు చెప్పారు?"

"ఆయనే చెప్పాడు."

"అదీ సంగతి," అంది నర్సమ్మ. "నేను ఇన్నేళ్ళు పురుళ్ళు పోశాను. ఏ తప్పూ చెయ్యనన్న మంత్రసానిని గదిలోకి రానిచ్చేదాన్ని కాదు. ఇతని తప్పేంటో మనకు తెలిసింది. ఎక్కడ వెతకాలో కూడా తెలిసింది. మిగతావాళ్ళవి తెలియాలంటే ఇంకో టోర్నడో రావాలి. మీకు ఓపికుందా?"

ఎవరికీ ఓపిక లేదు.

"పని ఇతనే చేస్తాడు," అంది ఆవిడ. "గోడలు మూసేముందు ఊరంతా వచ్చి ప్రతి నట్టూ తిప్పి చూస్తుంది. ముందు నువ్వే," అని సెలూన్ ఆయన వైపు వేలు చూపించింది, "ఆ చెయ్యి నయం కానీ."

ఇంటికి నడుస్తుంటే బావమరిది అడిగాడు.

"బావా, ఆవిడ నన్ను పొగిడిందా, తిట్టిందా?"

"పనిచ్చింది."

"అది సరే. పొగిడిందా, తిట్టిందా?"

"అక్కని అడిగితే చెప్పేదిరా. నాకు తెలియడం లేదు."

అతను నవ్వాడు. గాలి వచ్చాక అతను నవ్వడం అదే మొదలు. అంతలో హార్డ్‌వేర్ దుకాణం షట్టరు గరగరలాడుతూ కిందికి దిగడం చూసి, "అయ్యా, ఆగు, ఆగు!" అంటూ పరుగెత్తాడు. పునాది ఇంకా తవ్వనే లేదని నేను వెనకనుంచి అరిచాను. వినలేదు. సగం మూసిన షట్టరు కిందనుంచి వంగి లోపలికి దూరాడు.

"ఏం కావాలయ్యా ఇంత తొందరగా?" అని దుకాణదారు విసుక్కోవడం వినిపించింది.

"నట్లు," అన్నాడు బావమరిది. "ఉన్నవన్నీ."

దుకాణదారు షట్టరు మళ్ళీ పైకెత్తి లైటు వేశాడు. నేను బయట గట్టుమీద కూర్చుని నడుం నిమురుకున్నాను. లోపల అతను ఒక్కొక్క నట్టునీ దీపానికెదురుగా పట్టుకుని తిప్పి చూస్తున్నాడు. ఇంటికెళ్ళి వంట చెయ్యాలి. తొందరేమీ లేదు.